ఇంగ్లండ్ రైతు కందకం

2008లో ఎడిసన్ స్టేషన్లో రైలెక్కితే పక్క సీట్లో ఒక ఇంగ్లండ్ రైతు కూర్చున్నాడు. కూతురిని చూడటానికి వచ్చాడట. ఇంగ్లండ్‌లో ఆయన ఇంటి చుట్టూ వందల ఏళ్ల నాటి కందకం ఉంది. పోయిన చలికాలం పాడి ఆవు అందులో పడి చచ్చిపోయింది.

"పూడ్చేద్దామంటే ప్రొటెక్టెడ్ సైట్ అంటారు. కంచెకి గుంజ పాతాలన్నా పర్మిషన్ కావాలి," అన్నాడు దిగులుగా.

పాపం, ఓదార్చాలనిపించింది.

"మా ఊరి కోట కందకాన్ని కూడా ప్రభుత్వమే కాపాడుతోందండీ. 'రక్షిత కట్టడం' అని నీలం బోర్డు కూడా ఉంది. దాని వెనకాలే కందకం పూడ్చి ఫంక్షన్ హాలు కట్టారు. నా పెళ్లి అక్కడే అయింది," అన్నాను.

"పర్మిషన్ ఎవరిచ్చారు?" అంటూ ఆయన ముందుకు వంగాడు.

"ఎవరినీ అడగలేదు. ప్రారంభోత్సవానికి మంత్రిగారిని పిలిచారు."

ఆయన "మీ మంత్రిగారు ఇంగ్లండ్ వస్తారా?" అని అడిగాడు.