వెనక సీట్లో మూడు మిరప టిక్కీలు

1986లో గుంటూరు బ్రాడీపేటలో నాకొక కార్ల షెడ్డు ఉండేది. అప్పటికి పదేళ్ల అనుభవం, దానికి రెండింతల పొగరు. సత్తెనపల్లిలో కాన్పుల ఆసుపత్రి నడిపే డాక్టర్ సులోచన గారు ఆ వేసవిలో తన పాత విదేశీ హ్యాచ్‌బ్యాక్ తీసుకొచ్చారు. హ్యాచ్‌బ్యాక్ అంటే డిక్కీ విడిగా లేకుండా, వెనక తలుపు పైకి లేచే చిన్న కారు.

"ఈ నల్లరేగడి దారుల్లో ఎడ్లబండ్లు తిరిగి తిరిగి మధ్యలో మట్టి గట్టుకట్టింది. కారు పొట్ట దానికి తగులుతోందండీ. నొప్పులు పడే మనిషిని ఎక్కించుకుని దారిలో ఆగిపోతే ఏం గాను? ఇది బాగుపడకపోతే ఇక ఊళ్లకు వెళ్లడం మానుకోవాల్సిందే" అన్నారావిడ.

"నాకొదిలేయండి మేడమ్!" అన్నాను.

మద్రాసు నుంచి రేసు కార్లకు వాడే కాయిలోవర్లు తెప్పించాను. షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగు, రెండూ ఒకే ముక్కగా వస్తాయి. కింద మర చుట్ల మీద కాలర్ అనే ఇనప రింగు ఉంటుంది. దాన్ని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. స్ప్రింగుల్లో మెత్తవి, గట్టివి రెండు రకాలూ వచ్చాయి. రేసు సామాను చేతికి దొరికాక మెత్తవెవడిక్కావాలి? గట్టివే బిగించి, కాలర్ కొసదాకా ఎత్తేశాను. ఖాళీ కారును బ్రాడీపేటంతా తిప్పి మీసం మెలేశాను.

నాలుగో రోజే ఆవిడ తిరిగొచ్చారు.

"పొట్ట తగలడం లేదు లెండి. కానీ వెనక కూర్చున్న అమ్మాయి గుంత గుంతకీ కెవ్వుమంది. వాళ్లత్తగారు నన్ను తిట్టిన తిట్లు చెప్పమంటారా?"

"వద్దులెండి." నా మొహం మాడిపోయింది. "వెనక ఎంతమంది కూర్చుంటారండీ?"

"కాన్పు మనిషి, వాళ్లమ్మ, వాళ్లత్త. ఒక్కరు తగ్గినా గొడవే. ఈ మాట మొదటే అడగొద్దూ?"

అడగలేదు. నిజంగా సిగ్గేసింది.

వెంటనే కాలర్ కిందికి దించి, మెత్త స్ప్రింగులు వేశాను. కాలర్ మాత్రం ఈసారి బరువు పెట్టే సరిచూడాలి. మిర్చి యార్డు నుంచి మూడు మిరప టిక్కీలు తెప్పించాను. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోనె మూట, ఒక్కోటీ బక్కపలచని ఆడమనిషంత బరువు. మూడింటినీ వెనక సీట్లో వరసగా కూర్చోబెట్టి, కారు ఊరి బయట మట్టిదారి పట్టించాం. డాక్టరు గారే నడిపారు.

"ఇందులో కాన్పు మనిషి ఎవరండీ?"

"మధ్యలో ఉన్నామె. అటు అమ్మ, ఇటు అత్త."

మొదటి గుంతకే టిక్కీలు దుమ్ము రేపాయి. ఇద్దరం తుమ్ములే తుమ్ములు!

"అత్తగారు... హాఛ్... బాగా ఘాటు మనిషండీ!" అన్నారావిడ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. నవ్వలేక చచ్చాను.

బరువుకి కారు కుంగి, పొట్ట మళ్లీ గట్టుకు తగిలింది. దిగడం, కాలర్ రెండు చుట్లు పైకి తిప్పడం, మళ్లీ వెళ్లడం. మూడోసారికి గట్టు తగల్లేదు, టిక్కీలు కదల్లేదు. టిక్కీలు దించేశాక ఖాళీ కారు తోకెత్తిన దూడలా నిలబడింది. నిలబడనీ అనుకున్నాను.

పది రోజుల తర్వాత అదే కారు షెడ్డు ముందు ఆగేసరికి, ఈసారి ఎవరి తిట్లు మోసుకొచ్చారో అనుకున్నాను. డాక్టరు గారు మందుల కోసం గుంటూరొచ్చారట. ఆవిడ వెంట ఒక ముసలమ్మ దిగి, నన్ను ఎగాదిగా చూసింది.

"కారు చేసింది నువ్వేనా అబ్బాయ్?"

"నేనేనమ్మా. ఏమైంది?"

"మనవరాలు పుట్టిందయ్యా! దారంతా మా కోడలు నొప్పులకి అరిచిందే గానీ, గుంతలకి ఒక్కసారన్నా అరవలేదు. ఇది చెబుదామనే వచ్చా."

చేతులకు గ్రీజుంది, కళ్లు తుడుచుకోవడానికి లేకపోయింది. మిరప దుమ్మింకా పోలేదండీ అని అబద్ధం చెప్పాను.

ఆనాటి నుంచి ఎంత గొప్ప కారొచ్చినా సరే, బానెట్ మీద చెయ్యి వేయకముందు నేనడిగే మాట ఒకటే: "వెనక సీట్లో ఎవరు కూర్చుంటారండీ?"