ఆయనగారి పొట్టి సంతకం

షార్ట్‌హ్యాండమ్మ అంటే చాలు, ఆ వీధిలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. సరుకుల చీటీ కూడా మాట వేగంతో రాసే ఆ షార్ట్‌హ్యాండు గీతల్లోనే రాసి పంపుతుంది, కొట్టతను నెత్తి బాదుకుంటాడు.

ఒక పొద్దున పేపరు తెరిచి గతుక్కుమంది. అత్యున్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి పదవికి ఎంపికైన పెద్దమనిషి ఫోటో. పెద్దమనిషట, పెద్దమనిషి! ఇరవై ఆరేళ్ల కిందట ఆయన వకీలు, ఆమె ఆయన టైపిస్టు. ఒక సాయంత్రం ఉత్తరం చెబుతూ చెబుతూ లేచి, తలుపు గడియపెట్టి ఆమె మీద పడ్డాడు.

"ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడు ఫిర్యాదెందుకక్కా? నలుగురూ నానా మాటలంటారు" అంది చెల్లెలు.

"అననీవే. రేపు ఇలాంటి గతే పట్టిన ఆడపిల్ల న్యాయం కోసం వెళ్తే, ఆ కుర్చీలో వీడుంటాడా? నాకు మింగుడుపడదు."

చెల్లెలు అటక మీది ట్రంకుపెట్టె దింపింది.

ఆమె ఫిర్యాదు మీద వేసిన విచారణ కమిటీ హాలు కిక్కిరిసింది. పెద్దమనిషి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. షార్ట్‌హ్యాండమ్మ పాత నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టింది.

"ఈ పిచ్చిగీతలా సాక్ష్యం? నిన్న గీసుకొచ్చారేమో!" అన్నాడు ఆయన తరపు వకీలు.

అధ్యక్షురాలు ఆ పుస్తకాన్ని షార్ట్‌హ్యాండు తెలిసిన కమిటీ స్టెనోగ్రాఫరు చేతికిచ్చింది. ఆ అమ్మాయి లేచి చదవసాగింది. ముందు ఎవరిదో గోడ తగాదా ఉత్తరం, సగంలో ఆగింది. ఆ కిందే: "గడియపెట్టాడు. వద్దు సార్ అన్నాను. నోరు మూశాడు. చెయ్యి కొరికి బయటపడ్డాను. ఇది బస్సులో రాస్తున్నాను." ఆ తర్వాత మళ్లీ గోడ తగాదా, మిగతా సగం.

"పేజీ అడుగున ఈ పొట్టి సంతకం, తారీకు ఎవరివి?" అడిగింది అధ్యక్షురాలు.

"ఆయనవే మేడమ్. మర్నాడు మిగతా ఉత్తరం చెప్పి సంతకం పెట్టారు. నిండిన ప్రతి పేజీకీ పెట్టేవారు. తర్వాత ఎవరూ ఏదీ ఇరికించకూడదని ఆయన పెట్టిన రూలే. ఆ రోజే పుస్తకం సంచీలో వేసుకుని ఉద్యోగం మానేశాను."

"మరి మీరు రాసింది చదవలేదా ఆయన?"

"షార్ట్‌హ్యాండు రాదు కదండీ! నేర్చుకోండి సార్ అంటే, గుమాస్తాల విద్య నాకెందుకన్నారు."

హాలంతా గొల్లున నవ్వింది. వకీలు తన కాగితాలు సర్దుకున్నాడు. పెద్దమనిషి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. భోజనాల వేళకల్లా పేరు వెనక్కి తీసుకున్నాడు. ఆరోగ్యం బాగాలేదట పాపం!

చెల్లెలు అక్కను వాటేసుకుని ఏడుస్తూ నవ్వుతోంది. అప్పుడే స్టెనోగ్రాఫరు అమ్మాయి కాగితాలు పట్టుకొచ్చింది.

"మీ వాంగ్మూలం అమ్మా, పొల్లుపోకుండా టైపు చేశాను. అడుగున సంతకం పెట్టాలి."

షార్ట్‌హ్యాండమ్మ కళ్లజోడు తుడుచుకుంది. మొదటి పేజీ నుంచి చివరి దాకా ప్రతి మాటా చదివింది. చదివాకే కలం తీసి పూర్తి పేరు రాసింది.