వెండి డబ్బాలో మూడు కార్డులు

మా తాత వక్కలు, లవంగాలు వేసుకునే వెండి డబ్బా ఒకటి నా దగ్గర ఉంది. మూత మీద రెండు నెమళ్లు. ఒకదానికి తల అరిగిపోయింది. పొలాలు, మామిడితోట, ఖమ్మంలో మేడ వరసగా చేజారిపోయాక ఆ ఇంటి నుంచి నా వాటాకు వచ్చినవి రెండే: ఈ డబ్బా, నడుము వంచకుండా నిలబడే అలవాటు. డబ్బాలో నేను మూడు నెలల పాటు కంపెనీ క్రెడిట్ కార్డులు దాచాను. అలవాటు మాత్రం ఇప్పటికీ దాచకుండానే ఉంది.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. జనరేటర్లు బాగుచేస్తాం. ఖమ్మంలోనే ఒక షట్టరు గది, ఒక వ్యాను, నలుగురు మనుషులం: లెక్కలు చూసే అమ్మాయి, పెద్ద మెకానిక్కు, వ్యాను డ్రైవరు, నేను. ఆసుపత్రులు, మిల్లులు, ఫంక్షన్ హాళ్లు మాతో ఏడాదికి ఇంత అని ఒప్పందం రాసుకుంటాయి. జనరేటరు ఎప్పుడు మొరాయిస్తే అప్పుడు మేము పోవాలి.

కార్డుల ఆలోచన లెక్కల అమ్మాయిది. ఇల్లందులో బొగ్గుగని కార్మికుడి కూతురు. రోజూ బస్సులో నిలబడి వస్తుంది కాబట్టి కాబోలు, ఎవరికీ భయపడదు.

"పార్టులు కొన్నప్పుడల్లా ఖాతా ఖాళీ అయితాంది సార్. కంపెనీ పేరు మీద క్రెడిట్ కార్డు తీసుకుందాం," అంది.

"అప్పు చేయడం మా ఇంట్లో లేదమ్మా."

"అప్పేంది సార్? ఇయ్యాల కొంటం, కస్టమరు పైసలిచ్చినంక కడతం. గడువుల కడితే వడ్డీ గూడ లేదు."

"దాన్నే అప్పంటారు. మా తాత జన్మలో ఒకరి ముందు చెయ్యి చాపలేదు."

"మరి భూములెట్ల పోయినయ్ సార్?"

"అమ్ముకున్నాం. అది వేరు."

"అవ్ సార్, అది వేరే," అని కంప్యూటరు వైపు తిరిగింది. ఆ 'అవ్'లో నాకు మర్యాద కనిపించలేదు.

నాలుగు రోజులు ఊరుకుని ఇంకో వైపు నుంచి వచ్చింది. "మీ తాత దుకాణంకు పోతే జేబుల పైసలు పెట్టుకొని పోతుండెనా సార్?"

"పైసలా? ఆయన ముట్టుకునేవాడే కాదు. పేరు చెబితే సామాను ఇంటికి వచ్చేది. నెలాఖరుకు గుమాస్తా వెళ్లి ఇచ్చి వచ్చేవాడు."

"గదే సార్, ఈ కార్డంటే."

సంతకం పెట్టేశాను.

మూడు కార్డులు వచ్చాయి. నాకొకటి, మెకానిక్కుకొకటి, డ్రైవరుకొకటి. మూడింటి మీదా కంపెనీ పేరు, అంటే మా ఇంటి పేరు, మెరిసిపోతూ ఉంది. ఆ పేరును గ్రీజు చేతుల్లోకి ఎలా వదలను? మూడింటినీ డబ్బాలో పెట్టి, ఇకపై ఎవరికి ఏ పార్టు కావాలన్నా నేనే స్వయంగా దుకాణానికి వచ్చి కార్డు గీస్తానని ప్రకటించాను. నేను ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్లేసరికి గంట పని పూట పని అయ్యేది.

మా మెకానిక్కుది మూడు తరాలుగా ఇంజన్లు విప్పుతున్న ముస్లిం కుటుంబం. వయసులో నాకంటే పెద్ద. ఒకసారి ఫిల్టరు కోసం దుకాణం ముందు నేను కారు దిగగానే నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఫిల్టరు కొనుడుకు గింత తయారై వస్తిరేంది సార్? నేనేమన్న సంబంధం మాట్లాడుతున్ననా ఈడ?"

"కార్డు మీద మా ఇంటి పేరుంది భాయ్."

"దాని కింద నా పేరు గూడ ఉన్నదంట గద సార్. అది గూడ మా నాయిన పెట్టిందే."

నేను ఫిల్టరు ధర ఎక్కువగా ఉందన్నాను.

ఇలా మూడు నెలలు గడిచాయి. తర్వాత ఆ రోజు వచ్చింది.

చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రి ఒకటి ఉంది. మా ఒప్పందాలన్నింటిలో పెద్దది వాళ్లదే. దాని గడువు ఆ వారమే ముగుస్తోంది. లైను మరమ్మతని ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు తీసేశారు. జనరేటరు వేస్తే రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. పెద్ద సిస్టరు ఫోను చేసింది. ఆమెది సత్తుపల్లి వైపు మాట, మెత్తగా ఉంటుంది. అన్నది మాత్రం మెత్తగా లేదు.

"టీకా మందుల ఫ్రిజ్జు నాలుగింటి దాకా ఆగుద్దండీ. నాలుగు దాటితే మందులు పోతాయి. మీ ఒప్పందం కూడా పోద్ది."

లెక్కల అమ్మాయి తల ఎత్తింది. "అది పోతే నలుగుర్ల ఇద్దరికే జీతం సార్. ఆ ఇద్దరు ఎవరో మీరే చెప్పున్రి."

వ్యాను అప్పటికే బయల్దేరింది. పదకొండింటికి మెకానిక్కు ఆసుపత్రి నుంచి మాట్లాడాడు. "డీజిల్ పంపు పోయింది సార్. పొద్దుగాలనే నాకు అనుమానం ఉండె. కార్డు చేతుల ఉంటే వచ్చేటప్పుడే కొనుక్కొస్తుంటి. ఇగ మీరే తేవాలె, జల్దీ."

ముందు రోజే జీతాలు ఇచ్చాం. కంపెనీ ఖాతా, నా ఖాతా కలిపినా పెట్రోలుకు సరిపడానే మిగిలింది. డబ్బా జేబులో వేసుకుని, ఆయన చెప్పిన విడిభాగాల దుకాణానికి పరుగెత్తాను, నా మర్యాదకు తగినంత వేగంతో.

ఆ దుకాణం మిర్చి యార్డు దారిలో ఉంది. మిర్చి సీజను కావడంతో బస్తాల లారీలు బారులు తీరి ఉన్నాయి. తెల్ల గడ్డం పెద్దాయన పంపు తీసి బల్ల మీద పెట్టి, కార్డు మిషను నా ముందుకు జరిపాడు. నేను ఇస్త్రీ చేతిరుమాలు మిషను మీద కప్పి, దాని కింద నుంచి నాలుగంకెలు నొక్కాను. పిన్ను ఎవరి కంటా పడకూడదన్నది నా నియమం. తప్పన్నది మిషను. మళ్లీ నొక్కుతుంటే ఘాటు ముక్కుకెక్కి తుమ్ము వచ్చింది. రుమాలు మిషను మీద ఉంది కాబట్టి ముక్కుకు దిక్కు లేదు. మళ్లీ తప్పు. మూడోసారి కళ్ల నిండా నీళ్లు.

"గట్ల కప్పితే మీకే కనబడదు గద సాబ్," అన్నాడు పెద్దాయన. "మూడు మాట్ల తప్పు కొట్టిన్రు. ఇగ రేపటి దాంక ఇది చెయ్యదు."

ఆఫీసుకు ఫోను చేశాను. "మిగతా రెండు కార్డులు నా దగ్గరే ఉన్నాయమ్మా. వాటితో కుదురుతుందా?"

"వాటిని ఒక్కసారన్న వాడనిచ్చిన్రా సార్? నెల దాటితే మూసేస్తరని చెప్పిన. మూసేసిన్రు. అవి ఇప్పుడు ఉత్త అట్టముక్కలు."

పన్నెండు దాటింది. అప్పుడు నా జీవితంలో ఎన్నడూ అనని మాట అన్నాను. "నేను ఫలానా వారి మనవణ్ణి. పంపు ఇప్పించండి. డబ్బు రేపు పంపిస్తాను."

పెద్దాయన గడ్డం నిమిరాడు. "పెద్ద ఇల్లే సాబ్. పేరు విన్న. గని ఆ పేరు చెప్పి ఒకాయన నిరుడు బ్యాటరీ తీస్కపోయిండు. మళ్ల మొఖం చూపియ్యలే."

మా చిన్నాన్న కొడుకు అయి ఉంటాడు. వివరాలు అడగలేదు.

"మీ దగ్గర మిస్త్రీ ఎవలు?" అన్నాడు. చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. "ముందుగాల గా ముచ్చట చెప్పొద్దా!" అంటూ ఫోను తీసి, చెవి సరిగా వినపడదేమో, స్పీకరు పెట్టాడు.

"అవ్ చాచా, పంపించిన," అంది మా మెకానిక్కు గొంతు దుకాణమంతా వినబడేలా. "తెల్ల అంగి, కరెంటు స్తంభం లెక్క నిలబడతడు. ఆయనేనా?"

"ఆయనే. తుమ్ముతున్నడు."

"ఇచ్చెయ్ చాచా. మంచి మనిషి. ఎగ్గొట్టుడు ఆయనకు చేతగాదు. నాది పూచీ."

పంపును కాగితంలో చుడుతుంటే నిలబడి చూశాను. నాకు కోపం రావాలి. రాలేదు. మా తాత ఎంతమందికి పూచీ నిలబడ్డాడో వింటూ పెరిగాను. ఆయనకు ఎవరు నిలబడ్డారో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఆ రోజు ఒకరు దొరికారు.

పంపును పక్క సీట్లో కూర్చోబెట్టి కారు నడిపాను. ఆసుపత్రి చేరేసరికి మూడైంది. జనరేటరు గదిలో చీకటి. మెకానిక్కు నా చేతికి టార్చి ఇచ్చి, తాను కింద పడుకున్నాడు.

"వంగున్రి సార్. స్తంభం మీద లైటు పెడితే నాకేం కనబడుతది?"

వంగాను. దాదాపు నలభై నిమిషాలు వంగే ఉన్నాను. నాలుగుకు ఇంకా పది నిమిషాలు ఉండగా ఇంజను అందుకుంది. పెద్ద సిస్టరు ఫ్రిజ్జు తలుపుకున్న థర్మామీటరు చూసి వచ్చి, వచ్చే ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టి ఇచ్చింది. దాన్ని అందుకోవడానికి నిటారుగా నిలబడదామంటే నడుము రాలేదు. వంగే అందుకున్నాను. వినయమనుకుందేమో, మాకు టీ తెప్పించింది.

మర్నాడు నా కార్డు పనిచేయగానే పంపు డబ్బు కట్టి వచ్చాను. రెండు వారాలకు కొత్త కార్డులు వచ్చాయి. మెకానిక్కుది తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"నాకెందుకు సార్ కార్డు? చాచా కాడ నా మాట నడుస్తది. నడవనిది మీదే."

లెక్కల అమ్మాయి కంప్యూటరు చాటున నవ్వుతోంది. "తీసుకోండి భాయ్," అన్నాను. ఇంకోసారి కూడా అన్నాను. మూడోసారికి ఆయన చేతులు తుడుచుకుని, కార్డును అటూ ఇటూ తిప్పి, తన పేరు మీద బొటనవేలు ఆనించి చూసుకుని జేబులో పెట్టాడు. పిన్ను ఏం పెట్టాడో చెప్పబోయాడు. చెవులు మూసుకున్నాను.

డబ్బాలో మళ్లీ లవంగాలు పోశాను. మెకానిక్కు బిల్లులు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా మూత తీసి రెండు వేసుకుంటాడు. అడగడు.