ఇగ అంటే అడుగు పడేది

మాది కడప వైపు, మా ఆయనది హఫీజ్‌పేట్. పెళ్లయిన కొత్తలో ఆయన నోట ప్రతి మాటకీ ముందొచ్చే 'ఇగ' వింటే నాకు నవ్వు ఆగేది కాదు. ఇగ పోదాం, ఇగ తిందాం, ఇగ సాలు. మా వైపు 'ఇంక' అంటాం. మా 'ఇంక'ని సగం నమిలి మింగేశావని ఏడిపించేదాన్ని.

యాభై దాటగానే ఆయనకి పార్కిన్సన్స్ వచ్చింది. చెయ్యి వణకడం సరే, నన్ను ఎక్కువ బాధపెట్టినవి గుమ్మాలు. గది దాటబోతూ గుమ్మం ముందు ఆగిపోయేవాడు. పాదాలు కదిలేవి కావు. వ్యాయామం నేర్పే అమ్మాయి, ఏదైనా మాటో తాళమో అందించి చూడమంది. ఒకటీ రెండూ అని లెక్కపెట్టాను, చప్పట్లు కొట్టాను. ఏదీ పనిచేయలేదు. ఒకరోజు విసుగొచ్చి, ఆయన యాసలోనే "ఇగ!" అన్నాను. టక్కున అడుగు పడింది. ఇద్దరం గుమ్మంలోనే నిలబడి నవ్వుకున్నాం.

అసలే నాకు ఓపిక తక్కువ. మాదాపూర్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ నాది. రిలీజ్ ఆపాలా వదలాలా అని పదిమంది నా మొహం చూస్తుంటే నిమిషంలో తేల్చేస్తాను. ఇంట్లో ఈయన ఏ చొక్కా వేసుకోవాలో తేలక బీరువా ముందు పావుగంట నిలబడితే ఒళ్లు మండేది. అడుగుకి పనిచేసిన మాట అన్నిటికీ పనిచేస్తుందనుకుని "ఇగ చెప్పు!" అనేదాన్ని. "సరే" అనేవాడు. చేతికందిన చొక్కా ఇచ్చేసి ఆఫీసుకు పరిగెత్తేదాన్ని.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ చొక్కా గొడవ కూడా చెప్పాను, ఫిర్యాదులాగా. ఆమె కోప్పడకుండా వివరించింది.

"మెదడు లోతులో చిన్న చిన్న కణాల గుంపులు ఉంటాయండి. వాటి మధ్య ఒక దారి 'కానివ్వు' అంటుంది, ఇంకో దారి 'ఆగు' అంటుంది. డోపమైన్ అనే రసాయనం తగ్గితే 'ఆగు'ది పైచేయి అవుతుంది. నడకకే కాదండి, రెండిట్లో ఒకటి ఎంచుకోవాలన్నా ఆ దారులే కావాలి."

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ బద్ధకం అనుకున్నాను.

ఆ లోతుకే సన్నని తీగలు పంపి కొద్దిగా కరెంటు ఇచ్చే ఆపరేషన్ ఉందని చెప్పింది. వణుకు, బిగుతు తగ్గొచ్చు. మెదడు ఆపరేషన్ కాబట్టి ప్రమాదమూ ఉంది. కొందరిలో తొందరపాటు పెరగొచ్చు కూడా. "మీ ఉద్దేశం ఏంటండీ?" అని ఆయన్ని అడిగింది. ఆయన గోడకేసి చూస్తున్నాడు. నేను ఉండబట్టలేక "ఇగ చెప్పు" అన్నాను.

"సరే," అన్నాడు.

అప్పటికప్పుడే తేదీ తీసుకున్నాను. ఆదివారం పొద్దున చట్నీ రుబ్బుతూ మా చెల్లెలికి ఫోన్లో ఆ తేదీ చెబుతుంటే, వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"నేను సరే అన్నది నీకు. ఆపరేషన్‌కు గాదు."

ఫోన్ పెట్టేశాను. "ఆ మాట అక్కడే చెప్పొచ్చు కదబ్బా?"

"ఎట్ల చెప్త? లోపల ఆలోచన ఇంక నడుస్తుండె. నువ్వు ఇగ అన్నవు."

నాకు చొక్కాలన్నీ గుర్తొచ్చాయి. ఆయన సరే అన్నవన్నీ నా కోసం అన్నవే. ఏడుపొచ్చేసింది. ఆయన వణికే చేత్తోనే నా తల నిమిరాడు. "తొందర పెరుగుతదంట గదా. ఇంట్ల నీ అసుంటోళ్లు ఇద్దరైతే ఎట్ల? గదే ఫికరు," అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. "తీగలు పెట్టేది నా తలకాయల. జర నన్నే ఆలోచించుకోనీ."

తేదీ రద్దు చేయించాను. ఆ తర్వాత వారాల్లో సాయంత్రాలు ఖాజాగూడ చెరువు పక్కన కూర్చునేవాళ్లం. నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో ఆ చెరువుకే తెలుసు.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ అదే ప్రశ్న వేసింది. ఆయన మళ్లీ గోడకేసి చూశాడు. నా నోటిదాకా వచ్చింది ఆ మాట. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగాను, మూశాను, మళ్లీ లాగాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. బయట ఎవరి టోకెన్ నంబరో పిలిచారు.

"చేయించుకుంట," అన్నాడు చివరికి. "నా చొక్కా నేనే తీస్కోవాలె."

ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందంటే, డాక్టరమ్మ ఉందని కూడా చూడకుండా చెయ్యి పట్టేసుకున్నాను.

లేచి బయల్దేరాం. గుమ్మం దగ్గర మళ్లీ ఆగిపోయాడు. నేను పెదవులు బిగించి పక్కన నిలబడ్డాను. ఆయన నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు అను," అన్నాడు.

"ఇగ," అన్నాను.