గుమ్మం దగ్గరి సంచి

సవాకోకి ఇల్లు ఊడవడం ఎంతో, భూకంపం సంచి సర్దడమూ అంతే. జపాన్‌లో కొచ్చి ఒడ్డున కాపురం మరి. భూమి కదిలితే, సముద్రం రాకముందే పిల్లల్నీ సంచినీ ఎత్తుకుని కొండెక్కాలి. అందుకే అది గుమ్మంలో, చెప్పుల పక్కనే ఉంటుంది. రుతువు మారితే చాలు, బాసింపట్టు వేసుక్కూర్చుని బిగుతైన పిల్లల బట్టలు తీసి వదులువి పెడుతుంది, టార్చిలైటు తన మొహమ్మీదే వేసి చూసుకుంటుంది. ఈసారి సంచిలోని తిండి డబ్బా మూత వదులుగా ఉంది. గట్టి బిస్కెట్లు అలాగే ఉన్నాయి. నోరూరడానికి వాటితో వేసే పటికబెల్లం పలుకులే మాయం! “భూకంపమొస్తే ఎలా తినాలో నేర్చుకున్నామమ్మా,” అన్నాడు ఐదేళ్ళ రిత్సు, చెల్లెలు ఉటా మూతి తుడుస్తూ. “ఉప్పెన కంటే ముందు నీ పిల్లలే వచ్చారే కోడలా!” అని అత్తగారు పకపకా నవ్వింది. సవాకో ఉక్రోషంతో సంచిని బీరువా మీదికెక్కించింది.

మర్నాడు పొద్దున్నే ఇల్లు ఊగింది. చంకలో ఉటా, కాళ్ళకి చుట్టుకుని రిత్సు. మునివేళ్ళ మీద లేచినా సంచి అందలేదు. ఊపు దానంతటదే ఆగింది. సాయంత్రానికి సంచి మళ్ళీ గుమ్మంలోకి దిగింది, ఈసారి రెండు డబ్బాలతో.

“రెండెందుకే?” అంది అత్తగారు.

“ఒకటి భూకంపానికత్తయ్యా, ఒకటి దొంగలకి.”