అంకెలకు బారసాల

నేను ఈ సంగతి ఎత్తినప్పుడల్లా పాత విషయం పోనీమంటూ మాట మార్చేసినవాళ్లే తప్ప, ఇన్నేళ్లలో చివరిదాకా విన్నవాళ్లు ఒక్కరూ లేరు. పోయిన నెల బిలాస్‌పూర్‌లో మా పాత కంపెనీ వాళ్లందరం కలుసుకున్న రోజున, అప్పట్లో కంపెనీ నడిపిన పెద్దాయన మైకు పుచ్చుకుని మా బావ మీద హాస్యమాడకపోయి ఉంటే, నేనూ కాగితం కలం పట్టేవాణ్ని కాదేమో. అంకెలకు బారసాల చేసి గడియారాన్ని పాడుచేసిన మహానుభావుడని ఆయన అంటే హాలంతా నవ్వింది. ముందు వరుసలో మా అక్క కొంగు భుజం మీదకు లాక్కుని తల దించుకుంది. బావ పోయి అప్పటికి ఏడాది తిరగలేదు.

తొంభైల మొదట్లో ఆ ఊళ్లోనే జరిగిన మాట. లాల్‌ఖదాన్ వైపు ఒక రేకుల షెడ్డులో నడిచే చిన్న కంపెనీ మాది. వర్క్‌షాపుల్లో షిఫ్టు సైరన్‌ను దానంతట అదే మోగించే యంత్రాలు తయారు చేసేవాళ్లం. ఆ యంత్రంలో ఒక బుల్లి ఆపరేటింగ్ సిస్టం ఉండేది, అందులో కాలాన్ని లెక్కపెట్టే భాగం బావా నేనూ చూసేవాళ్లం. మాకంటే ముందెవరో రాసిన ఆ కోడు నిండా ఉత్త అంకెలే. యంత్రం సెకనుకు యాభైసార్లు టిక్కుమనేది కాబట్టి సెకను అనాల్సిన చోట యాభై అనీ, నిమిషం అనాల్సిన చోట మూడువేలనీ, అది ఎందుకో ఎక్కడా చెప్పకుండా రాసి పారేశారు.

ఇంతలో సెకనుకు వందసార్లు టిక్కుమనే కొత్త బోర్డు వచ్చింది. బావ ఓపిగ్గా కూర్చుని ఒక్కో అంకె అర్థమేమిటో తేల్చుకుని, దాని స్థానంలో ఒక పేరు పెట్టుకుంటూ వచ్చాడు. సెకనుకు ఎన్ని టిక్కులో పైన ఒక్కచోట రాస్తే చాలు, నిమిషమూ గంటా అన్నీ ఆ పేరులోంచే లెక్క తేలతాయి. ఉన్నవి మార్చేస్తే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకని నేనే అడిగాను.

"మూడువేలని ఉంటే అది ఏటో ఎవుడికి తెలుస్తాదిరా? రేపు మనం లేనప్పుడు సదివినోడికి తెలియొద్దా?" అన్నాడు.

ఆ వారమే బావ వాళ్ల క్వార్టర్‌లో మా మేనకోడలి బారసాల జరిగింది. బావ పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో కూతురి పేరు రాస్తుంటే పెద్దాయన పక్కనే ఉన్నాడు, రెండోసారి పులిహోర అడిగి మరీ వేయించుకున్నాడు. మర్నాడు షెడ్డులో బావ పని చూసి అందరి ముందూ ఒకే మాట అన్నాడు.

"అచ్ఛా, పిల్లకి అయిపోనాది, ఇప్పుడు అంకెలకీ బారసాలేటయ్యా?"

మిషను కొనేవాళ్లు రాబోతున్నారు, ఈ పేర్లూ గీర్లూ తీసేసి పాత కోడే పెట్టి, యాభై కనబడిన చోటల్లా వంద చేసేయమని ఆజ్ఞ. బావ వద్దని చెప్పాడు, నేనూ చెప్పాను. ఆయన అందరికీ టీ తెప్పించి నాకొక్కడికే తెప్పించలేదు. అదీ నాకు గుర్తుంది. చివరికి వేరే అతనిచేత మార్పించాడు. యాభై కోసం వెతికేవాడికి మూడువేలు కంటపడుతుందా? సెకన్లు సరిగ్గానే నడిచాయి, నిమిషాలు మాత్రం సగానికి కుంచించుకుపోయాయి.

కొనేవాళ్లు నిలబడి చూస్తుండగా, టీ విరామం సగం గడవగానే సైరన్ కూసింది. పనివాళ్లు గ్లాసులు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్లు తమ వాచీలు చూసుకుంటుంటే, పెద్దాయన మా బావ భుజం మీద చెయ్యి వేసి, గడియారంలో వేలు పెట్టింది ఈయనేనని వాళ్లతో చెప్పాడు. బావా తన వాచీ చూసుకున్నాడు. కాదని నేను చెప్పాను, నా మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఆర్డరు పోయింది, దాంతో పాటు బావ ఉద్యోగమూ పోయింది.

ఆ తరవాత బావ జిల్లా కోర్టు బయట వకీళ్లకు అర్జీలు టైపు చేస్తూ బతికాడు, కంప్యూటర్ జోలికి మళ్లీ పోలేదు. ఊళ్లో ఎక్కడ సైరన్ మోగినా చేతిలో పని ఆపి వాచీ చూసుకునేవాడు. టైము సరిపోయాక గాని తిరిగి టైపు మొదలుపెట్టేవాడు కాదు. అలా ఎందుకు చూసుకుంటాడో అక్క ఒక్కసారీ అడగలేదు. పెద్దాయన స్కూటర్‌కు అడ్డం నిలబడి నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు, హారన్ కొట్టుకుంటూ పోయాడు.

ఆనాడు బియ్యంలో పేరు రాయించుకున్న మా మేనకోడలు ఇప్పుడు అదే పనిలో ఉంది. పేరు లేకుండా ఉత్త అంకె రాస్తే తన ఆఫీసులో ఎవరి కోడైనా సరే వాపస్ పంపేస్తారట. ఏ పనికి మా బావను నవ్వులపాలు చేశారో, ఆ పని చేయకపోవడమే ఇవాళ తప్పు. ఆ మాట ఆ హాల్లో చెప్పడానికి ఆయన లేడు. ఆ రోజు హాల్లోంచి ఆటోలో ఇంటికి వస్తూ ఆ పిల్ల హిందీ కలిసిన తెలుగులో మెల్లగా అడిగింది.

"మామయ్యా, పాపా సచ్‌లో గల్తీ చేశారా?"

వాళ్ల నాన్న ఏ తప్పూ చేయలేదన్నాను. కానీ ఆ పిల్లకు కావలసింది నా మాట కాదు. అయ్యా పెద్దాయన గారూ, మా బావ పెట్టిన పేర్లు తీయించింది ఎవరు? నన్ను తప్పించుకు తిరిగింది చాలు. నవ్వించిన ఆ మైకులోనే, మా అక్క ఎదుట నిలబడి జవాబు చెప్పండి.