గాలిని సున్నా పెట్టనివ్వని యాదన్న

నిన్న పొద్దున యాదన్న నంబర్ నుంచి కాల్ వచ్చింది.

"ఏందన్నా, ఇన్నాళ్ళకు యాదికొచ్చిన్నా?" అన్నాను, ఆయన యాసలోనే, ఉడికిద్దామని.

అటువైపు వాళ్ళమ్మాయి.

"ఆంటీ, డాడీ లేరు. రాత్రి హార్ట్ ఎటాక్..."

తర్వాత ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు వినబడలేదు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. ప్లగ్ తీయాలని కూడా తోచలేదు.

మీలో చాలామందికి యాదగిరి తెలియదు. నా మొదటి ఉద్యోగంలో నా సీనియర్. తొంభైల చివర. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి బిల్డింగ్ కొత్తగా లేచింది, చుట్టూ ఇంకా బండరాళ్ళే. మాదాపూర్‌లో ఒక ఇంటి పై అంతస్తు మా ఆఫీసు. పైలట్ ట్రైనింగ్ కోసం సిమ్యులేటర్ తయారుచేసేవాళ్ళం, అంటే కంప్యూటర్ మీద విమానం నడిపే ప్రోగ్రామ్.

అందులో గాలి అంతా యాదన్న కోడే.

నేను విజయవాడ నుంచి కొత్తగా దిగాను. కూకట్‌పల్లిలో హాస్టల్, ఆఫీసులో ప్రొబేషన్. కన్ఫర్మ్ కాకపోతే ఇంటికొచ్చి బ్యాంక్ పరీక్షలు రాసుకోమని నాన్న ముందే చెప్పేశారు. నాకేమో ఆ ఊళ్ళోకి తిరిగి వెళ్ళడమంటే ఊపిరాడదు.

టెస్టింగ్ నా పని. రోజూ విమానం దించాలి. రోజూ గడ్డిలో దించేదాన్ని.

విషయం ఏంటంటే, పక్క నుంచి గాలి కొడుతుంటే విమానం ముక్కు గాలివైపు తిప్పి ఉంచాలి. అప్పుడే అది నేరుగా రన్‌వే మీదికి వస్తుంది. కానీ మా స్క్రీన్ చిన్నది. అందులో సగం స్పీడు, ఎత్తు చూపించే మీటర్లకే పోయేది. ముక్కు తిప్పగానే రన్‌వే స్క్రీన్ అంచుకి జరిగిపోయేది. నాకు చెయ్యి ఆగేది కాదు. దాన్ని మధ్యకి లాగేదాన్ని. స్క్రీన్ మీద బొమ్మ అందంగా కుదిరేది, విమానం మాత్రం గాలికి కొట్టుకుపోయేది.

"చెల్లె, రన్‌వేను నడిమికి గుంజకు. ఆడ్నే ఉండనియ్యి. నడిమిట్లనే కనవడతా అని నీకేమన్న రాసిచ్చిందా?"

ఒక ఆషాఢం మధ్యాహ్నం కాక్‌పిట్ మోడల్ కోసం కూకట్‌పల్లి వెళ్ళి పెద్ద థర్మాకోల్ షీట్ కొన్నాం. ఆయన స్కూటర్, వెనక నేను, నా చేతుల్లో ఆ షీట్. ఖాళీ రోడ్డు మీదికి రాగానే గాలి ఒక్క తోపు తోసింది. స్కూటర్ లారీ వైపు జరిగింది. నా ప్రాణం పోయింది.

యాదన్న స్కూటర్‌ని గాలివైపు వాల్చి, అలాగే పోనిస్తూ వెనక్కి తిరిగి అరుస్తున్నాడు.

"చూడు చెల్లె! బండి ఎటు వాలింది? మనం ఎటు పోతున్నం?"

"ముందు రోడ్డు చూడన్నా, నీకు దండం పెడతా!"

షీట్ రెండు ముక్కలైంది. నాకు మాత్రం ఆ రోజే అర్థమైంది.

తర్వాత డెమో. కస్టమర్ తరఫున ఒక రిటైర్డ్ పైలట్ వస్తున్నాడు. కాంట్రాక్ట్ రాకపోతే మా టీమ్ ఉండదు.

మేనేజర్ సార్ భయపడ్డారు. "ఎందుకండీ రిస్కు? గాలి సున్నా పెట్టేయండి."

"గాలి తీసేస్తే మనం అమ్మేదేంది సార్? వీడియో గేమా?"

యాదన్న మూడు కంప్యూటర్లు కలిపి, మూడు మానిటర్లు పక్కపక్కన పెట్టి, ఎడమ, ముందు, కుడి కనిపించేలా చేద్దామన్నాడు. మూడో మానిటర్ మాత్రం లేదు. డెమో రోజు పొద్దున్నే వెళ్ళి అకౌంట్స్ శారద మేడమ్‌ది ఎత్తుకొచ్చాడు. ఆవిడ వెనకే పరిగెత్తుకొచ్చారు.

"జీతాల టైమ్‌లో నా మానిటర్ పట్టుకుపోతే ఎలాగండీ?"

"మేడమ్, ఈ డెమో పోతే జీతాలే ఉండవు. ఉత్త మానిటర్ ఏం చేసుకుంటరు?"

ఆవిడ అక్కడే నిలబడిపోయారు, తన మానిటర్‌కి కాపలాగా.

పైలట్ వచ్చాడు. ఎవరు దించుతారన్నాడు. యాదన్న నా కుర్చీని ముందుకు తోసేశాడు. నేను గుడ్లప్పగించి చూశాను. ఆయన నా వైపు చూడనే లేదు.

"గాలి పెంచండి," అన్నాడు పైలట్.

ముక్కు ఎడమకి తిప్పాను. రన్‌వే మధ్య మానిటర్ దాటి మొత్తం కుడివైపుకి వెళ్ళిపోయింది.

"అయ్యో, రన్‌వే నా మానిటర్‌లోకి వచ్చేసిందండీ!" శారద మేడమ్ కేక.

అందరూ నవ్వారు. పైలట్ కూడా. నా చెయ్యి మాత్రం దాన్ని మధ్యకి లాగలేదు.

నేల దగ్గరికొచ్చాక ముక్కు సరిచేశాను. రన్‌వే రెండు మానిటర్ల మధ్య అతుకు దాటి మెల్లగా మా వైపు వచ్చింది. గాలివైపు రెక్క దించాను. ఒక చక్రం ఆనింది, ఎగిరింది, మళ్ళీ ఆనింది. తర్వాత రెండోది.

"స్మూత్‌గా లేదు. కానీ నిజం విమానంలాగే ఉంది," అని ఆ పైలట్ తనే కుర్చీలో కూర్చున్నాడు. టీ చల్లారినా లేవలేదు.

కాంట్రాక్ట్ వచ్చింది. నేను కన్ఫర్మ్ అయ్యాను. ఈ ఊరు నాదైంది.

నన్నెందుకు కూర్చోబెట్టావని అప్పుడే అడిగాను.

"నేను దించితే నా గొప్ప అంటరు. కొత్త పిల్ల దించితే సిమ్యులేటర్ గొప్ప అంటరు. ఇగ పో, పని చూస్కో."

ఇన్నేళ్ళూ అదే నమ్మాను.

నిన్న సాయంత్రం ఖాజాగూడలో, యాదన్న ఇంటి ముందు, మా పాత మేనేజర్ సార్ కనిపించారు. నన్ను పక్కకి పిలిచారు.

"యాదగిరి నీకు చెప్పొద్దన్నాడమ్మా. కాంట్రాక్ట్ వచ్చినా రాకపోయినా ఆ నెలాఖరుకి నిన్ను పంపించేద్దామని అనుకున్నాం. అది వాడికి తెలుసు. కస్టమర్ ముందు విమానం దించిన అమ్మాయిని మర్నాడు ఎలా తీసేస్తాం చెప్పు?"

ఎన్నిసార్లు కలిశాం. నా గృహప్రవేశానికి వచ్చాడు. నేను ఉద్యోగం మారినప్పుడల్లా తిట్టాడు. ఒక్కసారి కూడా నోరు జారలేదు.

లోపలికి వెళ్ళి, ఆయన దగ్గర కూర్చుని, "థాంక్స్ అన్నా" అన్నాను.

"ఊకో చెల్లె" అనడానికి కూడా లేవలేదు.

పోయి రా అన్నా. నా గురించి ఇంక ఫికర్ చేయకు. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.